టవరు ఖాళీ చేయించిన తిట్టు

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పూ లేకుండా, పొగా లేకుండా, పెద్ద గాజు భవనాన్ని ఒట్టి నోటితో ఖాళీ చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. ఆ ఘనురాలిని నేనే. ఆ రోజు నానక్‌రామ్‌గూడలో మా టవరు ముందు పచ్చిక మీద నిలబడ్డవాళ్ళు ఇవాళ నేను రోడ్డు మీద ఎదురైతే గుర్తుపట్టరు. నోరు తెరిస్తే మాత్రం చటుక్కున గుర్తుపట్టి, మెట్లు ఎటున్నాయా అని వెతుక్కుంటారు. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతూనే మొదలుపెడతాను. మధ్యలో ఒకచోట నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. అక్కడ కాస్త ఓర్చుకోండి.

నా పేరు సువార్త. మంచి కబురు అని అర్థం. మా నాన్న ఏ ధైర్యంతో పెట్టాడో! మాది గుంటూరు వైపు. ఉంటున్నది ప్రగతి నగర్‌లో. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఈ వూళ్ళో ఇంజనీరంటే కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళనే అందరి నమ్మకం. ఆ కంప్యూటర్లకు కరెంటూ, ఆ కూర్చున్నవాళ్ళకు చల్లగాలీ, వాళ్ళు ఎక్కి దిగే లిఫ్టులూ చూసుకునే జాతి ఇంకొకటి ఉంది. అది భవనం అడుగున, సెల్లార్‌లో, జనరేటర్ల మధ్య బతుకుతుంది. సూర్యుడు దానికి భోజనం వేళ మాత్రమే కనిపిస్తాడు. నేను ఆ జాతి దాన్ని.

ఆ సెల్లార్‌కు నన్ను ఇన్‌చార్జిగా వేసినప్పుడు నా కింద పనిచేసేవాళ్ళందరూ మగవాళ్ళు. నా ముందున్న ఇన్‌చార్జీ మగవాడే. అంతకు ముందున్నవాడూ అంతే. గోడమీద క్యాలెండర్‌లోని లక్ష్మీదేవిని వదిలేస్తే ఆ సెల్లార్‌లో అడుగుపెట్టిన మొదటి ఆడమనిషిని నేను.

చేరిన కొత్తలో బ్యాటరీలు అమ్మే ఒకాయన వచ్చాడు.

"సార్ లేరామ్మా?"

"నేనేనండి ఇన్‌చార్జిని. చెప్పండి."

"అదే, సార్ ఎప్పుడొస్తారు?"

"సార్ రారు. సార్ స్థానంలో నేనే ఉన్నాను."

ఆయన నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, సారును నేనెక్కడో దాచిపెట్టినట్టు. "పర్లేదమ్మా, కూర్చుంటా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. రాని సారు కోసం అంత భక్తిగా ఎదురుచూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పాత ఇన్‌చార్జి వెళ్ళిపోతూ నాకొక ఉపదేశం చేశాడు. "అమ్మా సువార్తా, చదువులూ సర్టిఫికెట్లూ పైన ఏసీ గదుల్లో పనికొస్తాయి. కింద గొంతే హోదా. అరవకపోతే ఇక్కడ జనరేటర్ కూడా స్టార్టవదు." ఆయన నిజంగానే అరిచేవాడు. ఆయన కేకకు మూడో సెల్లార్‌లో పిల్లులు చెల్లాచెదురయ్యేవట. నా గొంతు సంగతి చెప్పాలా? "నీ గొంతు పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి బాగుంటుందే" అనేది మా అమ్మ. జనరేటర్ల రొదలో నేను ఒకమాట చెబితే ఎదుటివాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమన్నరు మేడమ్?" అనేవాడు. రెండోసారి చెబితే మళ్ళీ అదే. మూడోసారికి నాకే నేనేం చెప్పాలనుకున్నానో గుర్తుండేది కాదు.

మా టీమ్‌లో పెద్దవాడు యాదగిరి. ఎలక్ట్రీషియన్. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసం, మాట తక్కువ. ఆయనది నానక్‌రామ్‌గూడే. ఇప్పుడు మా టవరున్న చోట వాళ్ళ చిన్నాయన జొన్న వేసేవాడని చెప్పేవాడు. అందరూ ఆయన్ను యాదగిరన్న అని పిలిచేవారు. నేను చేరిన మొదటి రోజు జనరేటర్ల మధ్య బిక్కుబిక్కుమంటూ నిలబడితే ఆయన దగ్గరికొచ్చి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, మేమంత ఉన్నం గద" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "బిడ్డా కాదు, మేడమ్ అనండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, "సరే మేడమ్" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ పొరపాటున కూడా ఇంకో మాటతో పిలవలేదు. ఎంత శుభ్రంగా మాట వింటారో కొందరు, బాధేస్తుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. సెల్లార్‌లో ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు. అక్కడికి ఒక ఆడమనిషి పనికి వస్తుందన్న ఊహ కట్టినవాళ్ళకు రాలేదు మరి. సర్వీస్ లిఫ్టు కోసం ఆగి, పై లాబీ దాకా వెళ్ళి రావాలి. అడిగితే "చూశారా, ఆడవాళ్ళను పెట్టుకుంటే ఇదే గోల" అంటారేమోనని భయం. అందుకని నోరు మూసుకుని మంచినీళ్ళు తాగడం తగ్గించాను. పౌరుషం అంటే దాహంతో ఉండటమే అని నమ్మిన రోజులవి.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ప్రాపర్టీ మేనేజర్ వెంకటేశ్వరరావు గారి గదికి వెళ్ళాను. ఆయన భీమవరం మనిషి, నెమ్మదస్తుడు. టవరు మొత్తం ఆయన కిందే నడుస్తుంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల యాదగిరి గొంతు వినపడి ఆగిపోయాను.

"మేడమ్‌కు ఈడ కుదురుతలేదు సార్. పనిల ఉండంగనే పైకి పోతది. వచ్చేసరికి ఆలస్యమైతుంది. ఆమె చెప్పదు, మేమడగలేం."

"అయితే నన్నేం చేయమంటారండీ?" అన్నారు వెంకటేశ్వరరావు గారు.

"ఏదన్న ఒకటి చెయ్యుర్రి సార్. గిట్లనే ఉంటే ఎన్ని దినాలని ఉంటది ఆమె?"

పక్కన మా లిఫ్ట్ మెకానిక్ ఇంతియాజ్ కూడా ఉన్నట్టున్నాడు. "హా సార్, మాకు కూడా మస్తు పరేషాన్ ఉంది" అన్నాడు.

నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. అదీ నా తెలివి! తలుపు తోసి "ఏంటన్నా సంగతి?" అని అడిగి ఉంటే ఈ కథ లేదు. ఆ తలుపు నా వేలికొస దూరంలో ఉంది. కానీ నాకప్పటికే అన్నీ అర్థమైపోయాయి. కుట్ర! నన్ను సాగనంపడానికి నా టీమే నా వెనక మేనేజర్ దగ్గర చేరింది. ఆ పెద్దమనిషి, ఆ మెత్తటి మీసం, ఆ "మేమంత ఉన్నం గద"! ఎంత నటన!

ఆ సాయంత్రం ఇంతియాజ్‌ను నిలదీశాను. "ఏంటి, అందరూ నన్ను చూస్తే మాటలు ఆపేస్తున్నారు?"

వాడు చూపులు దించేసుకుని, "ఏం లేదు మేడమ్. అంతా ఠీక్ ఉంది" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేరస్థుడి చెవులే అనుకున్నాను. అవి సిగ్గుపడ్డ చెవులని తర్వాత తెలిసింది.

ఇంటికి వెళ్తూ కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో స్కూటీ ఆగినంతసేపూ ఒకటే ఆలోచన. రేపు కడిగేయాలి. పాత ఇన్‌చార్జి చెప్పినట్టు గొంతు చూపించాలి. అయితే అరవడం అలవాటు లేని మనిషి ఏకంగా జనం ముందు అరిస్తే గొంతు బొంగురుపోయి పరువు పోతుంది. కాబట్టి ముందు సాధన చేయాలి. పాట పాడేవాళ్ళు చేయరూ? అలాగే.

సాధనకు చోటెక్కడ? ఇంట్లో అరిస్తే పక్క ఫ్లాటువాళ్ళు తలుపు కొడతారు. సెల్లార్‌లో అందరూ ఉంటారు. మర్నాడు పొద్దున ఆలోచించగా ఆలోచించగా దొరికింది: గ్రౌండ్ ఫ్లోర్‌లోని ఫైర్ కంట్రోల్ రూమ్. చుట్టూ మందపాటి అద్దాలు. లోపల అరిస్తే పక్కనున్న లాబీకి కూడా వినపడదు. అక్కడ కూర్చునే సెక్యూరిటీ అతను, "మేడమ్, జర చాయ్ తాగొస్త" అన్నాడు.

"నిదానంగా తాగి రా. నేనుంటాను" అన్నాను. నా జీవితంలో చేసిన అత్యంత ప్రమాదకరమైన ఉపకారం అది.

టిఫిన్ బాక్సు సంచిని ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టాను. ఆ బల్ల మీద ఏముందో ఆ టవరు భద్రతకు బాధ్యురాలినైన నాకు తెలియాలి కదా? తెలుసు. మంటలు రేగితే అన్ని అంతస్తులకూ ఒకేసారి వినపడేలా చెప్పే మైకు పెట్టె అది. దాని మీద ఎర్ర మీట ఉంటుందనీ తెలుసు. పులిహోర నింపిన స్టీలు డబ్బా బరువుకు ఆ మీట దిగిపోతుందని మాత్రం మా కాలేజీలో చెప్పలేదు. ఆ గదిలో స్పీకర్ ఉండదు, మైకు గీ పెడుతుందని. కాబట్టి స్పీకర్లలో నా గొంతు నాకు తప్ప లోకానికంతా వినపడుతోందని నాకు తెలిసే మార్గమే లేదు. గోడలకు చెవులుంటాయని చిన్నప్పటి నుంచీ విన్నాను. మా టవరులో పైకప్పులకు నోళ్ళుంటాయని ఆ క్షణాన మరిచాను.

గొంతు సవరించుకున్నాను. మొదలుపెట్టాను.

"యాదగిరీ!"

బాగా రాలేదు. ఇంకాస్త కడుపులోంచి తీశాను.

"యాదగిరీ! ఏమనుకుంటున్నావ్? పెద్దమనిషివని ఊరుకుంటే నా వెనకే గోతులు తవ్వుతావా? సిగ్గులేదూ?"

ఆ "సిగ్గులేదూ" భలే వచ్చింది. నాకే ఒళ్ళు జలదరించింది. ఇక ఆగలేదు.

"నా మాట వినేవాళ్ళుంటే ఉండండి. లేదంటే అందరూ బయటికి నడవండి! ఇప్పుడే! ఈ క్షణమే! ఇంతియాజ్, నువ్వు కూడా! లిఫ్టుల మీద చెయ్యి వేశారంటే ఊరుకోను! మెట్ల మీదుగా దిగండి! బయటికి!"

చివరి ముక్క ఇంకొంచెం గట్టిగా రావాలనిపించి మళ్ళీ చేశాను. "అందరూ బయటికి! మెట్ల మీదుగా!" తృప్తి తీరక మరోసారి.

మీరిప్పుడు పై అంతస్తులో కూర్చున్నవాళ్ళ స్థితి ఊహించండి. కాఫీ తాగుతూ, అమెరికావాడితో ఫోన్లో మాట్లాడుతూ ఉన్నారు. ఉన్నట్టుండి పైకప్పులోంచి ఒక ఆడగొంతు, లిఫ్టులు ఎక్కొద్దు, మెట్లు దిగండి, ఇప్పుడే, ఈ క్షణమే అంటోంది. తెలుగు వచ్చినవాళ్ళకు ఈ యాదగిరి ఎవరో అర్థం కాలేదు గానీ మిగతాది అర్థమైంది. తెలుగు రాని ఉత్తరాది పిల్లలకు మాటలు అర్థం కాలేదు, గొంతు అర్థమైంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పృథివి దాకా వెళ్ళలేదు గానీ అన్ని అంతస్తులూ దాటింది.

నాలుగోసారి అందుకోబోతూ అద్దంలోంచి చూశాను. మెట్ల తలుపులు రెండూ బార్లా తెరుచుకుని జనం పొర్లుకొస్తున్నారు, మరుగుతున్న పాలు గిన్నె అంచు దాటినట్టు. కొందరి చేతుల్లో ల్యాప్‌టాప్‌లు, ఒకడి చేతిలో సగం తిన్న సమోసా. మంట! నిజంగానే మంట! నేనిక్కడ తిట్లు సాధన చేస్తుంటే పైన ఎక్కడో అంటుకుంది!

సేఫ్టీ హెల్మెట్ తగిలించుకుని బయటికి పరుగెత్తాను. పచ్చిక మీద జనం గుంపులు గుంపులుగా నిలబడ్డారు. ఎదురొచ్చిన కుర్రవాణ్ణి భుజం పట్టి ఆపాను.

"ఎక్కడ? ఏ ఫ్లోర్లో?"

"ఏంటి మేడమ్?"

"మంట!"

"మాకేం తెలుసు మేడమ్? మీరే కదా చెప్పాలి" అని, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ యాదగిరి దొరికాడా?"

నేల చీలిపోయి సీతమ్మను లోపలికి తీసుకుందట. నాకు కింద మూడు సెల్లార్లున్నా ఒక్కటీ చీలలేదు.

చుట్టూ అదే మాట. యాదగిరి దొంగ అని ఒకడు, కాదు ఎవరో పిచ్చివాడు లోపలికి దూరాడని ఇంకొకడు. అన్నీ తెలిసిన ఒకాయన, "కాదండీ, పెద్ద పెద్ద భవనాల్లో జనం భయపడకుండా ఉండటానికి మారుపేర్లు వాడతారు. యాదగిరి అంటే మంట అని" అంటూ వివరిస్తున్నాడు. వినేవాళ్ళు తలలూపుతున్నారు.

అప్పుడు చూశాను యాదగిరిని. పచ్చిక అంచున ఒక గర్భిణిని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళ సీసా అందిస్తున్నాడు. పాపం ఆవిడ పై నుంచి అన్ని మెట్లూ దిగి వచ్చింది. తర్వాత మళ్ళీ వెళ్ళి, దిగేవాళ్ళను తొక్కుకోకుండా చేతులు చాచి పక్కకు పంపుతున్నాడు. "జర మెల్లగ రండ్రి, ఏం కాదు, ఇటు, ఇటు." ఆయన చొక్కా జేబు మీద పేరు కుట్టి ఉంటుంది. దాన్ని చదివినవాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుతున్నారు. ఆయనకది కనపడుతోంది. కనపడనట్టు పని చేస్తున్నాడు.

చెప్పానుగా, నవ్వు ఇరుక్కునే చోటు వస్తుందని. ఇదే అది.

నేనటు వెళ్ళలేదు. ఈలోగా ఒక అమ్మాయి నా ఎదురుగా వచ్చి నిలబడింది. మెడలో కంపెనీ కార్డు, కళ్ళనిండా నీళ్ళు.

"మేడమ్, మైక్‌ల మాట్లాడింది మీరేనా?"

"నువ్వెవరమ్మా?"

"స్వప్న. తొమ్మిదో ఫ్లోర్‌ల చేస్త. యాదగిరి బిడ్డను."

ఆయన కూతురు ఈ మధ్యే ఈ టవరులోనే ఒక కంపెనీలో చేరిందని నాకు తెలుసు. ఆయన అందరికీ లడ్డూలు పంచినప్పుడు నేను ఫోన్లో ఉండి చేత్తో సైగ చేసి వద్దన్నాను.

"మా టీమ్‌లో అందరికి తెలుసు మేడమ్, మా నాయిన ఈడనే పని చేస్తడని. నేనే చెప్పుకున్న. ఇప్పుడు అందరు నా మొఖమే చూస్తున్నరు." కళ్ళు తుడుచుకుంది. "మీరొచ్చినకాడికెల్లి ఇంట్ల ఒకటే మాట. 'మా మేడమ్‌ను చూడు, గంతమంది మొగోళ్ళల్ల ఒక్కతే నిలబడ్డది. అట్లుండాలె' అని. రోజు గదే చెప్తడు నాకు. మా నాయిన ఏం చేసిండు మేడమ్?"

అంత జనాన్ని కదిలించిన గొంతు అప్పుడు ఒక్క ముక్క పలకలేదు.

కాసేపటికి జనాన్ని పైకి పంపేశారు. వెంకటేశ్వరరావు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"సువార్త గారూ, ఏంటండీ ఇది? ఆ మనిషి ఏం తప్పు చేశాడండీ?"

"నా మీద ఫిర్యాదు చేయడానికి మీ దగ్గరికి వచ్చారు కదండీ నిన్న? నేను విన్నాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వాళ్ళొచ్చింది మీకోసమేనండి. కింద ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు, మేడమ్ మంచినీళ్ళు కూడా తాగట్లేదు, ఆవిడ అడగరు, మేం ఆవిడతో ఈ మాట ఎత్తలేం, మీరే చూడండని. ఆ ఇంతియాజ్ అయితే నాతో చెప్పడానికి కూడా సిగ్గుపడి చచ్చాడు. పాత స్టోరు గది ఖాళీ చేసి ఇస్తామని కూడా చెప్పారండి."

కోపమొచ్చి నూతిలో దూకితే శాంతమొచ్చి బయటికి రాగలమా అంటారు. నేను నూతిలో దూకడమే కాదు, ఊరందరినీ పిలిచి చూడమని మరీ దూకాను.

"ఇంకో సంగతండీ" అన్నారాయన నీరసంగా. "ఒక కంపెనీవాళ్ళు అప్పుడే మెయిల్ పెట్టారు. ఫైర్ డ్రిల్ చాలా సహజంగా ఉందట. ఇంత త్వరగా ఎప్పుడూ దిగలేదట. తెలుగులో మారుపేరు పెట్టడం మంచి ఆలోచనట."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

సెల్లార్‌కు వెళ్ళాను. యాదగిరి ప్యానల్ తలుపు తెరిచి ఏదో బిగిస్తున్నాడు. చుట్టూ అందరూ ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు.

"యాదగిరి గారూ, నేను తప్పు చేశాను. చాలా పెద్ద తప్పు. మిమ్మల్ని..."

"పోనియ్యుర్రి మేడమ్" అన్నాడు స్క్రూడ్రైవర్ తిప్పుతూనే. "అయ్యిందేదో అయ్యింది."

తిడితే బాగుండేది. అరిస్తే ఇంకా బాగుండేది. ఆ మర్యాద ఉంది చూశారూ, అది చల్లటి ఇనుములా తగిలింది. పాత ఇన్‌చార్జి ఉపదేశంలో లేని పాఠం ఆ క్షణాన తెలిసింది. నా గొంతు చిన్నదని వీళ్ళెవరూ నన్ను చిన్నచూపు చూడలేదు. నేనే నా గొంతును నమ్మక ఇంకెవరిదో అరువు తెచ్చుకున్నాను. అది కూడా అందులో నికృష్టమైనది ఏరుకుని.

సాయంత్రం గేటు దగ్గర స్వప్న కనపడితే ఆగి చెప్పాను, మీ నాన్నగారికి క్షమాపణ చెప్పానని. ఆ పిల్ల సూటిగా చూసింది.

"తిట్టినప్పుడు టవరంత విన్నది. మీరు సారీ చెప్పింది ఎవరిన్నరు మేడమ్?"

నిజమే కదా. ఎక్కడ పారేసుకున్నానో అక్కడే వెతుక్కోవాలి. మర్నాడు వెంకటేశ్వరరావు గారి ముందు నిలబడ్డాను, మైకులోనే క్షమాపణ చెబుతానని. ఆయన కంప్యూటరులో మెయిళ్ళ వరస చూపించారు. "ఎలాగూ జరిగిందేమిటో కంపెనీలవాళ్ళకు చెప్పాలండి. సరే, మీరే చెప్పండి. కానీ రెండు ముక్కల్లో."

యాదగిరిని రమ్మని అడిగాను. "నేనెందుకు మేడమ్? మల్ల ఆ మైక్ జోలికి ఎందుకు?" అన్నాడు. ఆయన వద్దన్నాడు. స్పష్టంగా వద్దన్నాడు. నేను విన్నానా? పశ్చాత్తాపం పొంగినవాళ్ళకు కూడా చెవులుండవు. ఇంతియాజ్‌ను వెంటపెట్టుకుని కంట్రోల్ రూమ్‌కు వెళ్ళాను. ఈసారి పులిహోర లేదు. నా చేత్తోనే మీట నొక్కాను.

"అందరికీ నమస్కారం. దయచేసి ఎవరూ కంగారు పడొద్దు."

కంగారు పడొద్దన్న మాట వినగానే కంగారు పడటం మనిషి లక్షణం. అన్ని అంతస్తుల్లోనూ తలలు పైకి లేచాయట.

"నేను మాట్లాడేది యాదగిరి గారి గురించి."

అంతే. ఇంతియాజ్ అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నవాడు ఒక్క గెంతు గెంతాడు. "మేడమ్, బంద్ చెయ్యండి! దిగుతున్నరు! అందరు దిగుతున్నరు!"

యాదగిరి అంటే మంట అని వాళ్ళకు ఎవరో ఖరారుగా చెప్పేశారు కదా. మెట్ల తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. సమోసావాడు ఈసారి ఖాళీ చేతులతో వస్తున్నాడు, అనుభవం నేర్పింది కాబోలు.

"మేడమ్, ప్లీజ్!"

"ఆగు ఇంతియాజ్. ఇంకా చెప్పాల్సింది ఉంది."

ఆపితే మళ్ళీ చెప్పే ధైర్యం రాదని నాకు తెలుసు. జనం నా కళ్ళ ముందు నుంచి బయటికి పరుగెడుతుంటే, ఖాళీ అవుతున్న టవరుకు చెప్పాను. యాదగిరి గారు ఏ తప్పూ చేయలేదని, నా మేలు కోరి చేసిన పనిని నేను కుట్ర అనుకున్నానని, వినకూడని మాటలు ఆయనకు వినిపించానని, నన్ను మన్నించమని ఆయన్ను అడుగుతున్నానని. చివరి మాటకు వచ్చేసరికి నా గొంతు మళ్ళీ నాదే అయింది, పసిపిల్లల్ని నిద్రపుచ్చేది.

మీట వదిలి తిరిగి చూస్తే తలుపు దగ్గర యాదగిరి. నెత్తిన హెల్మెట్, చేతిలో టార్చి.

"చెప్పుడైందా మేడమ్?" అన్నాడు. "అయితే రండ్రి. జనాన్ని మల్ల పైకి పంపాలె."

మీసం కింద ఏదో కదిలింది. నవ్వేనని ఇప్పటికీ నన్ను నేను నమ్మించుకుంటున్నాను.

అంతా సర్దుకున్నాక స్వప్న కిందికి వచ్చింది. "నేను దిగలేదు మేడమ్" అంది. "ఫ్లోర్ మొత్తంల నేనొక్కదాన్నే కూసున్న. అంత విన్న."

"భయం వేయలేదా? అందరూ పరుగెత్తుతుంటే?"

"మా నాయిన పేరు మంట గాదని నాకు తెలుసు గద" అంది.

వినాల్సిన ఇద్దరూ విన్నారు. అక్కడితో కథ ముగిస్తే నేను మంచిదాన్నై మిగిలేదాన్ని. కానీ జరిగింది అది కాదు. సెల్లార్‌లో పాత స్టోరు గది బాత్రూమ్ అయింది. యాదగిరే దగ్గరుండి లైట్లు బిగించాడు. ఆ తర్వాత కొత్తగూడలో మా కంపెనీవాళ్ళే చూసుకునే వేరే భవనానికి మార్చమని అడిగి వెళ్ళిపోయాడు. ఇక్కడైతే ఇంటి నుంచి నడిచి వచ్చేవాడు. అక్కడికి షేర్ ఆటోలు మారాలి. నేనడిగితే "మోకాళ్ళు నొస్తున్నయి మేడమ్, ఆడ మెట్లు తక్కువ" అన్నాడు. ఇంతియాజ్ చెప్పాడు అసలు సంగతి. ఆయన లిఫ్టు ఎక్కినప్పుడల్లా పై కంపెనీల పిల్లలు "యాదగిరి వచ్చాడ్రా, మెట్లు దిగండి" అని నవ్వేవారట. వాళ్ళకు చెడ్డ ఉద్దేశం లేదు. జోకు వాళ్ళది. పేరు మాత్రం ఆయనది. దాన్ని వాళ్ళ నోళ్ళలో పెట్టింది నేను.

అందుచేత సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి మీద కోపమొచ్చినా ముందు తలుపు తోసి అడుగుతాను. తిట్టవలసి వస్తే ఎదురుగా, చెవికి వినపడేంత మాత్రం తిడతాను. క్షమాపణ అడగవలసి వస్తే, అవతలివాళ్ళు వద్దంటే ఆగుతాను. ఇక మైకు అన్నది నా కంటికి నాగుపామే.

మాట నిలబెట్టుకుంటున్నాను కూడా. మొన్న ఆదివారం చర్చిలో వాక్యం చదవమని పాస్టరు గారు మైకు చేతికివ్వబోతే రెండడుగులు వెనక్కి వేసి, వద్దండీ అన్నాను. ఉత్త గొంతుతోనే చదివాను. ముందు వరసలు దాటి ఎవరికీ వినపడలేదని మా అమ్మ కోప్పడింది. పర్లేదు. నేను చదివినంతసేపూ ఎవ్వరూ లేచి బయటికి వెళ్ళలేదు.